అత్తమ్మ తుడిచిన దండెం

గురువారం పొద్దున బావ ఫోన్ చేసి, "అమ్మ పోయింది" అన్నాడు. ఆదివారం ఇంటికి రమ్మని అత్తమ్మ ముందురోజే నాతో అన్నది. మా మధ్య ఒక వాదన మిగిలిపోయింది. దాన్ని ఇప్పుడు ఎవరితో తెంపుకోవాలో తెలియడం లేదు.

ఆమె మా నాన్నకు అక్క. రిటైరయ్యేదాకా సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్పింది. మామ బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రంలో పనిచేసేవాడు కాబట్టి కాపురమంతా అక్కడి క్వార్టర్లలోనే సాగింది. సెలవులకు పోయినప్పుడు ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి పని దండెం తుడవడం. బట్టలు ఆరేసే ముందు తడిగుడ్డతో తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడవాలి. లేకుంటే తెల్లచొక్కా మీద బూడిద చార పడుతుంది. అత్తమ్మ ఆ గుడ్డ నాకు చూపించి, "ఇది దండెం మీద పడ్డది. మీ మామ ఛాతీల పడ్డదాన్ని ఏ గుడ్డతోని తుడవాలె?" అనేది. మామ దగ్గుతూనే నవ్వేవాడు. ఆ దగ్గుతోనే దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి పోయాడు.

తర్వాత ఆమె మడికొండలో బావ కట్టుకున్న ఇంటికి వచ్చింది. అణు కరెంటు గురించి ఆమె పాఠాలు ముదిరింది కూడా అప్పుడే. ఎదురైతే మీకూ చెప్పేది, వదిలేది కాదు. ఒకసారి నెక్కొండలో పెళ్లికి పోతుంటే రైల్వే గేటు పడింది. బొగ్గు వ్యాగన్లు ఎంతకీ తెగడం లేదు. మేం విసుక్కుంటుంటే ఆమె కారు అద్దం దించి, "గీ బండి బొగ్గంత పనికి అణు ఇంధనమైతే రెండు మూడు వడ్ల బస్తాలంత చాలు బిడ్డా. పొగ లేదు, బూడిద లేదు" అన్నది. పెళ్లి పంక్తిలోనూ అదే పాఠం. పప్పు వడ్డించే అతను గరిటె పట్టుకుని నిలబడి విన్నాడు. బావ తల పట్టుకున్నాడు.

నేను ఊరికే ఒప్పుకునేదాన్ని కాదు.

"సూర్యుడున్నడు గద అత్తమ్మా."

"ఉన్నడు, మంచిగ వాడుకుందాం. పొద్దుగూకినంక దవాఖాన మిషిన్లు ఎట్ల నడవాలె? వారం దినాలు ముసురు పడితే? ఆగకుంట ఇచ్చేది ఒకటి కావాలె."

"పేలితేనో?"

"భయపడాలె. భయం ఉన్నోడే గోడ మందంగ కడతడు. బొగ్గుకు మనం భయపడలే. అందుకే ఛాతీల పెట్టుకున్నం."

బుధవారం ఫోన్‌లో నేను చివరి ప్రశ్న వేశాను. ఎన్నో తరాలు కాపలా కాయాల్సిన ఆ అణు చెత్తను ఎవరి ఊళ్లో పెడతావన్నాను. ఎప్పుడూ టక్కున జవాబు చెప్పే మనిషి, "అది నాకూ ఫికరే బిడ్డా. జర ఆలోచించనీ. ఆదివారం రా, తలకాయ కూర వండుత, మాట్లాడుకుందాం" అన్నది. ఆ జవాబు ఏమై ఉండేదో అని నాలుగు రోజులుగా కొట్టుకుంటున్నాను. నాకిప్పుడు గెలవాలని లేదు. ఇంకొక్కసారి ఆమె ఎదురుగా కూర్చుని ఓడిపోవాలని ఉంది.

మడికొండ ఇంటి డాబా మీద బూడిద పడదు. అయినా ఆమె రోజూ దండెం తుడిచేది. పక్కింటివాళ్లు చాదస్తం అనుకునేవారు. నేనూ ఓసారి, "ఈడ బూడిద ఏడున్నది అత్తమ్మా?" అని ఆటపట్టించాను.

"మన దండెం మీద లేదంటే ఇంకెవరి దండెం మీదనో ఉన్నట్టే. మనింట్ల ఫ్యాన్ ఆ బొగ్గుతోనే తిరుగుతాంది గద" అన్నది.

అంత్యక్రియలకు పోయి వచ్చినదాన్ని, పిలిచిన ఆదివారం మళ్లీ పోయాను. ఇల్లంతా చుట్టాలు. ఒక్కదాన్నే డాబా ఎక్కాను. తుడిచే గుడ్డ పిట్టగోడ మీద ఎండి బిరుసెక్కి ఉంది. నల్లా కింద తడిపి, ఆమె నేర్పినట్టే ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచాను. గుడ్డ తెల్లగానే ఉంది. చూపిద్దామంటే ఎవరూ లేరు. కిందికి దిగితే, ఆమె గదిలో, ఖాళీ మంచం మీద, ఎవరూ ఆపని ఫ్యాను తిరుగుతూనే ఉంది.