పీలిక కట్టిన బీరతీగ

మందమర్రి కాలనీలో సక్కుబాయి పెరటి బీరకాయకు పేరుండేది. ప్రతి తీగకూ కాసిన తొలికాయను కొస కొరికి చూసి, తియ్యగా ఉన్న తీగకే ఎర్ర చీరపీలిక కట్టేది. ఆ తీగ మీద ఒక కాయను విత్తనానికి ఎండేదాకా వదిలేసేవారు.

చివరి ఏడాది ఆమె నాలుకకు రుచి పోయింది. కూరలో ఉప్పు రెండింతలు పడేది. కొడుకు ఓంప్రకాశ్ మాత్రం "మస్తుగుందే అవ్వా" అంటూ తినేవాడు. కోడలు వనజ కూడా ఉప్పెక్కువైందని చెప్పలేదు. పెద్దల మనసు నొప్పించకూడదన్న మర్యాద అది. ఆ మర్యాదే సక్కుబాయి చేత చేదుతీగకు పీలిక కట్టించింది.

ఆమె పోయాక ఆ తీగ గింజలే మొలిచి దడి నిండా పాకాయి. కాయలు విరగకాశాయి, వనజ కొరికి చూసినవన్నీ చేదే.

"ఎలుక లెక్క కొరుక్కుంట తిరుగుతున్నవు. పీకి పారెయ్యరాదు?" అన్నాడు ఓంప్రకాశ్.

"అత్తమ్మ విత్తనం గిదే మిగిలింది. ఒక్క తీగన్న మంచిది ఉండదా?"

పీలిక పట్టుకుని వనజ దడి చివరిదాకా వెళ్లింది. ఆఖరి తీగ కాయ కొరికేసరికి నాలుక మొద్దుబారిపోయి ఏ రుచీ తెలియలేదు. సక్కుబాయికీ ఇలాగే ఉండేదేమో అనుకుంది.

"జర నువ్వు తిని చూడు" అని కాయ అందించింది.

అతడు ఆమె మొహం చూస్తూ నమిలి మింగాడు.

"మస్తుగుందే" అన్నాడు.

తల్లితో అన్న గొంతే అది. పీలిక వనజ చేతిలోనే ఉండిపోయింది.