పిన్ని ఒంటిచేత్తో పెట్టుకునే కాఫీ

నిన్న పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే దమ్మపేట నుంచి ఫోన్.

"సత్యం అన్న పోయిండమ్మా. షాపు షట్టర్ లేపుతా లేపుతా కూలబడ్డడు. దవాఖానాకు తీస్కపోయే లోపే..."

ఫోన్ చేసింది పక్క షాపు ఆయన. నేను "ఏ సత్యం?" అన్నాను.

సొంత బాబాయ్‌ని పట్టుకుని ఏ సత్యం అని అడిగాను. బుద్ధి ఎక్కడికి పోయిందో నాకే తెలీదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. సత్యం బాబాయ్ మా నాన్న తమ్ముడు. దమ్మపేటలో సైకిల్ షాపు. అడవి పల్లెల నుంచి సంతకి వచ్చే సైకిళ్లలో ఆయన చెయ్యి పడనిది లేదు. పిల్లల్లేరు. ఇంట్లో ఆయన, మా పిన్ని, ఇద్దరే.

మూడేళ్ల కింద పిన్నికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అప్పటి నుంచి అన్నిటికీ ఒకరిని పిలవాలి. స్నానానికి, జడకి, చీర కుచ్చిళ్లకి. బాబాయ్ ఒక్కనాడు విసుక్కోలేదు. కానీ పొద్దున ఆయన కాఫీ కలిపి ఇస్తే మాత్రం పిన్ని కళ్లనీళ్లు పెట్టుకునేది. పెళ్లైన దగ్గర్నుంచి ఆ కాఫీ ఇచ్చింది ఆమే కదా.

నిరుడు మా ఆఫీసు బ్రాంచ్ ఒకటి మూసేశారు. సామాన్లు అమ్మేస్తుంటే సింగిల్ కప్ కాఫీ మెషీన్ నేను తీసుకున్నాను. పాడ్ అనే కాఫీ పొడి నింపిన చిన్న ప్లాస్టిక్ డబ్బీ లోపల పెట్టి, మూత దించి, బటన్ నొక్కితే ఒక కప్పు డికాక్షన్ వస్తుంది. ఒక చెయ్యి చాలు.

రెండు అట్టపెట్టెల పాడ్స్‌తో సహా నేనే మోసుకెళ్లాను.

ఆ మొదటి కప్పు నేను మర్చిపోలేను. పిన్ని ఎడమ చేత్తో కుస్తీ పడుతోంది. పాడ్ జారి కింద పడింది. రెండోసారి మూత పడలేదు. నేను లేచాను. బాబాయ్ నా చేతి మీద ఒక్కటి వేశాడు.

"కూసో. ఆమె చేసుకుంటది."

పావుగంట పట్టింది. పంపు ఫ్లాస్కులోంచి పాలు కూడా తనే కొట్టుకుని, ఆ కప్పు పక్కనే ఉన్న బాబాయ్ ముందుకి జరిపింది. ఆయన తాగుతూ అటు గోడ వైపు తిరిగిపోయాడు.

పాడ్స్ అయిపోవస్తున్నాయని బాబాయ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. "పంపిస్తా బాబాయ్" అన్నాను. రెండుసార్లూ అన్నాను.

ఖమ్మంలో తిరిగాడట, దొరకలేదు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఆ అమ్మాయి పిన్‌కోడ్ అడిగి, మీ ఏరియాలో సర్వీస్ లేదు సార్ అందట. "మరి మా ఏరియాల మనుషులున్నరని మీ కంప్యూటర్‌ల ఉన్నదా తల్లీ?" అని అడిగాడట. ఈ మాట చెప్పి ఎంత నవ్వాడో!

తర్వాత అడగడం మానేశాడు. ఎక్కడో దొరికాయనుకున్నాను. అనుకుంటే నాకు హాయి కదా.

దసరాకి వెళ్లినప్పుడు ఎదురింటి టీచర్ గారు, అలాంటి మెషీన్ కొందామనుకుంటున్నా అన్నారు. బాబాయ్ అరుగు మీదే క్లాస్ పీకాడు. "మిషన్ రేటు అడుగుడు గాదు సారూ. దాంట్ల వేసే డబ్బీలు యాడ దొరుకుతయి, ఎన్నాళ్లు దొరుకుతయి, గది అడుగు. గది చెప్పనోని దగ్గర కొనకు."

ఆయన టీచర్‌కే చెప్పాడు. తగిలింది నాకు.

నిన్న సాయంత్రం శవం లేచాక ఆడవాళ్లం ఇల్లు కడిగాం. మా వైపు చనిపోయినవాళ్ల చాప, దిండు, పాతబట్టలు, ఇంట్లో చెత్తా చెదారం అంతా ఊరి బయట వేసి కాల్చేస్తారు. వంటింటి కిటికీలో ఒక బుట్ట కనిపించింది. మరకలు పట్టిన ప్లాస్టిక్ డబ్బీలు, పైన బిర్యానీ పార్సిల్ రేకు ముక్కలు. వాడేసిన పాడ్స్ ఎందుకు దాచాడో ఈ పిసినారి బాబాయ్ అనుకుని, ఆ బుట్ట కూడా చాప మీద పడేసి పంపాను.

నేనే.

ఈ రోజు పొద్దున పిన్ని లేచింది. మూడో రోజు దాకా పొయ్యి వెలిగించకూడదు. బటన్ నొక్కితే తప్పేముంది అన్నారు పెద్దవాళ్లు. గోడ పట్టుకుని మెల్లగా మెషీన్ దగ్గరికి వెళ్లి, కిటికీలో చెయ్యి పెట్టి తడిమింది.

"నా డబ్బీలు ఏవే?"

మాట ముద్దముద్దగా వస్తుంది ఆమెకి. అప్పుడు చెప్పింది. ప్రతి ఆదివారం బాబాయ్ ఆ ఖాళీ డబ్బీలు కడిగి, ఎండబెట్టి, కాఫీ పొడి జల్లెడ పట్టి నింపి, రేకు కోసి అంచు చుట్టూ వేళ్లతో నొక్కేవాడట. వారానికి సరిపడా. పొడి మెత్తగా ఉంటే మెషీన్ మూలుగుతుంది, బరకగా ఉంటే నీళ్లకాఫీ వస్తుంది. అది కుదరడానికి నెల పట్టిందట.

కాల్చేశామని ఎదురింటి ఆవిడ చెప్పింది.

పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

పొద్దుటి నుంచి ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఆ మోడల్ ఆపేశారట. వేరే పాడ్స్ పట్టవట. మీ ఆఫీసుల్లో ఎక్కడైనా వాడేసిన ఖాళీవి ఉంటే పారేయకండి, నాకు చెప్పండి. దొరికినా రేకు నొక్కడం నాకు రాదు. అది తెలిసిన మనిషిని నిన్న సాగనంపాం.

కాఫీ ఎవరైనా కలిపి ఇస్తారు. నేనూ ఇస్తాను. కానీ ఇంట్లో ఆమె ఎవర్నీ అడగకుండా చేసుకునే పని అదొక్కటే. అది నా చేతులతోనే పోయింది.

బాబాయ్, ఇక్కడి సంగతి నేను చూసుకుంటా అని చెప్పే మొహం నాకు లేదు. అయినా నువ్వు బాగా అలిసిపోయావు. వెళ్లి ప్రశాంతంగా పడుకో.