నొప్పి పోదని చెప్పిన మనిషి

మా ఇంటి ఓనరుగారు మొన్న శుక్రవారం కన్నుమూశారు. గుండెపోటు. ఇన్నేళ్లు ఆయన్ని సతాయించిన వెన్నెముకకూ ఈ చావుకూ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు.

ఆయనది కొత్తపేట పాత ఊళ్లోని రైతు కుటుంబం. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి ఆయన ఇంటి రెండో అంతస్తులో అద్దెకు దిగాం. ఆ అంతస్తు కట్టేటప్పుడే ఆయన పైనుంచి పడ్డారట. నడుము దగ్గర వెన్నుపూస చితికింది. ఆపరేషన్ చేసి కడ్డీలు, స్క్రూలు బిగించారు. నడక వచ్చింది గానీ ఎడమ పాదానికి స్పర్శ తిరిగి రాలేదు. ఒక ఎండాకాలం ఉత్త కాళ్లతో డాబా మీద మిరపకాయలు ఎండబోసి, పాదం బొబ్బలెక్కినా తెలియక కిందికి దిగి వచ్చారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం గుమ్మంలో కూర్చుని, కాలు స్టూలు మీద పెట్టి, చేతి అద్దంలో అరికాలు చూసుకునేవారు.

“ఇది నాతోని మాట్లాడదమ్మా. నేనే అరుసుకోవాలె,” అనేవారు.

కొన్నేళ్ల కిందట మావారు ఎల్బీ నగర్ దగ్గర బండి మీద నుంచి పడ్డారు. ఆయనకూ నడుము దగ్గరే పూస విరిగింది, అలాంటి ఆపరేషనే చేశారు. నెలలు గడిచినా నొప్పి తగ్గలేదు. స్కానులో అంతా బాగుందని చెప్పినా నమ్మక, మంచం దిగడం మానేశారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా తగ్గిపోతుందనే అన్నారు. ఒకరోజు ఓనరుగారు రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

“ఈ నొప్పి ఎప్పటికి పోతుందండీ?” అని మావారు అడిగారు.

“పోదు సారూ.”

నాకు కోపం వచ్చింది. “అదేంటండీ, అలా అంటారు?” అన్నాను.

“అబద్ధం చెప్పి ఏం జేస్తనమ్మా? తగ్గుతది, కానీ నాకైతే మొత్తం పోలే. పొద్దుగాల పట్టేసినట్టుంటది. జర తిరిగితే ఇడుస్తది. చలికాలం మల్ల పరేషాన్ జేస్తది. అట్లనే ఇల్లు పూర్తి జేసిన, బిడ్డ పెండ్లి జేసిన.” మావారి వైపు చూశారు. “నొప్పి పోయినంక లేస్తనంటే మీరు లెవ్వరు సారూ. డాక్టరు నడవమన్నడు గదా? రేపు పొద్దుగాల కిందికి రాండ్రి.”

మావారు, “మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడతారు?” అని అడిగారు.

మొదట గేటు దాకా, తర్వాత వీధి చివరి దాకా, చివరికి రైతుబజారు దాకా ఇద్దరూ కలిసి నడిచారు. మావారు మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నారు. నొప్పి ఉంది.

ఓనరుగారిని తలుచుకుంటే నాకు ఒక ఉదయం గుర్తొస్తుంది. ఇద్దరూ కూరగాయల సంచి మరిచిపోయి బయలుదేరారు. నేను బాల్కనీలోంచి కేకేశాను. కడ్డీల వల్ల నడుము తిప్పి వెనక్కి చూడటం ఇద్దరికీ కుదిరేది కాదు. ఆగి, చిన్నగా అడుగులు మార్చుకుంటూ, ఒళ్లంతా తిప్పి నా వైపు చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. వీధి మధ్యలో నిలబడి, నడుములు పట్టుకుని, నవ్వడం మొదలుపెట్టారు.