బొద్దక్షరాల సదానందం

సదానందం సూరత్‌కు మిల్లు పనికని వచ్చిండు. మరమగ్గాల చప్పుడు పడక కుంచె పట్టి బోర్డులు రాసుడు మొదలుపెట్టిండు. ఆయన అక్షరం బొద్దుగ, ఎక్కడా మూల లేకుంట, కుడిదిక్కు ఒరిగి ఉంటది. టెంపోల వెనుక, ఐసు గోలా బండి మీద, చీరెల దుకాణం మీద, ఉత్తరాయణం పతంగుల అంగడి మీద అదే. తెలుగు రాసినా గుజరాతీ రాసినా కడుపునిండ తిన్నట్టే కనబడుతది.

పక్కింటిదాన్ని, నాకు ఊకుండబుద్ధి కాదు. ఓసారి నిచ్చెన కింద నిలబడి అడిగిన.

"ఏందయ్యా, నీ అక్షరాలన్నీ తాగినోని లెక్క ఒరుగుతయి?"

"తాగినోడు ఎటు పడితే అటు ఒరుగుతడు అక్కా. ఇవన్నీ ఒక్కదిక్కే ఒరుగుతయి. టెంపో ఆగి ఉన్నా ఉరుకుతున్నట్టుండాలె. మూల పెడితే చూపు ఆడ తట్టుకుంటది, గుండ్రంగుంటే జారిపోతది."

"మరి సచ్చిపోయినోళ్ల పేర్లు?"

"అవి సన్నగ, నిటారుగ రాస్త. సావుకాడ ఉరుకుడెందుకు?"

రంగు డబ్బా పట్టుకున్న ఆయన పెండ్లాం భూదేవి నవ్వింది. "నన్ను జూసే బొద్దక్షరం నేర్చిండక్కా."

తర్వాత ఫ్లెక్సీలు వచ్చినయి, బోర్డుల పని సన్నగిల్లింది. కొడుకు వినోద్ ఉధనా బస్తీల ఒక ఫ్లెక్సీ దుకాణంల కుదిరిండు. బాపుతోని బొద్దక్షరాలన్నీ కాయితాల మీద రాయించి కంప్యూటర్ల ఎక్కించిండు. ఇప్పుడు మా దిక్కు బారసాలకైనా బిర్యానీ సెంటరుకైనా ఆ ఒరిగిన అక్షరమే. అదే యేడు సదానందానికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది.

మొన్న చలికాలంల భూదేవి పోయింది.

మా దిక్కు దినాలకు సందు మొదట్ల ఫోటోతోని ఫ్లెక్సీ కడతరు. ఊరి అంచుల ఉన్ బస్తీ నుంచి, ఇచ్ఛాపూర్ నుంచి వచ్చే చుట్టాలకు ఇల్లు దొరకాలె గదా. వినోద్ అచ్చు వేయించుకొచ్చి బాపు ముందట పరిచిండు. భూదేవి పేరు ఎర్రగ, లావుగ, నీడ వేసుకొని ఒరిగి ఉన్నది.

సదానందం వంగి చూసిండు. "గోలా బండిదా ఇది?" అన్నడు.

వినోద్ మొఖం మాడింది. "నీ అక్షరమే గదా బాపూ. అమ్మ పేరు పరాయోళ్ల అక్షరంల ఎందుకని పెట్టిన."

"ఇది ఆమెకు వద్దు బిడ్డా. నేను నిటారుగ రాస్త."

"ఏ చేత్తోని?" అన్నడు వినోద్. అని, నాలుక కరుసుకున్నడు.

ఎడమ చేత్తోనే పట్టిండు కుంచె. నేను బోర్డు చెక్క కదలకుంట పట్టుకున్న. ఒక గీత గీసి అడిగిండు, "నిటారుగున్నదా అక్కా?"

"లేదయ్యా. ఒరిగింది." అబద్ధం ఆడుదామంటే నోరు రాలే.

గ్యాసునూనె గుడ్డతోని తుడిసిండు. మళ్ల రాసిండు, మళ్ల తుడిసిండు. మొదటి అక్షరం దాటలే.

"కంప్యూటర్ల సన్నక్షరం కూడ ఉంటది బాపూ, అదన్న పెడ్త."

"అది ఎవనిదో," అన్నడు సదానందం. కుంచె డబ్బాల పెట్టి, గోడకు ఒరిగి కండ్లు మూసుకున్నడు. వినోద్ ఫ్లెక్సీ చుట్ట చుట్టి అటక మీద పడేసిండు.

దినాల నాడు సందు మొదట్ల ఏ పేరూ లేదు. చుట్టాలు గల్లీ గల్లీ తిరిగిండ్రు. కిరాణా కొట్టుకాడ, చాయ్ బండికాడ, కనబడ్డ ప్రతి ఒక్కరినీ "భూదేవి ఇల్లెటు" అని అడుక్కుంట వచ్చిండ్రు. ఆ పేరు వినబడ్డప్పుడల్లా గడపల కూసున్న సదానందం తల ఎత్తేటోడు. వచ్చినోళ్ల మొఖం చూసి మళ్ల దించుకునేటోడు.