ఫిడేలు పంతులు, పాతాళం, మా అత్తగారు

ఆ రోజుల్లో చండ్రుగొండ వైపు ఏ దేవుడి మీద జోకు వేసినా ఎవరో ఒకరికి కోపం వచ్చేది. అందుకే మా మిషన్ స్కూలు వార్షికోత్సవానికి ఫ్రెంచి ఫాదర్‌గారు గ్రీకు దేవుళ్ళను ఎంచుకున్నారు. వాళ్ళకు మా తాలూకాలో భక్తులు లేరు, గుళ్ళు లేవు, ఎంత వెక్కిరించినా అడిగేవాడు లేడు. చిన్నప్పుడు వాళ్ళ దేశంలో ఆయన చూసిన పాటల నాటకమట. అందులో దేవుళ్ళు అమృతం తాగీ తాగీ మొహం మొత్తి, ఆవులిస్తూ, పాతాళానికి షికారు పోదామని చూస్తుంటారు. ఒక ఫిడేలు పంతులుంటాడు. ఆ ఫిడేలు భరించలేని పెళ్ళాం హాయిగా పాతాళానికి లేచిపోతుంది. పీడ వదిలిందని పంతులు గంతులేస్తే, లోకం అనే పాత్ర వచ్చి "పోయి తెచ్చుకో" అని వెంటపడుతుంది. వెనక్కి చూడకుండా నడిస్తేనే పెళ్ళాం దక్కుతుందని పాతాళరాజు షరతు. దేవుళ్ళ రాజు కావాలని ఉరిమిస్తాడు, పంతులు ఉలిక్కిపడి వెనక్కి చూస్తాడు, పెళ్ళాం పోతుంది, అందరూ సంతోషంగా కాళ్ళెగరేసి ఆడతారు. (కాళ్ళెగరేయడం మాకు తొందరగానే వచ్చింది. రిహార్సల్ వరండా నిండా గండుచీమలు.)

పంతులు వేషం నాకిచ్చారు. అప్పటికి నాకు ఉద్యోగమూ కొత్తే, పెళ్ళామూ కొత్తే. ఫిడేలు ఇంటికి తెచ్చి సాధన మొదలుపెట్టాను. మా ఆవిడ కొన్నాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని ఓర్చుకుని, ఒకరోజు "ఈ ఇంట్లో అదన్నా ఉండాలి, నేనన్నా ఉండాలండీ" అంది. నాటకమయ్యేదాకా అదే ఉంటుందన్నాను. వేళాకోళానికే అన్నాను గానీ, సాయంత్రానికల్లా ఆమె కల్లూరు బస్సెక్కి పుట్టింటికి వెళ్ళిపోయింది. నాకు రోషం, ఆమెకు పంతం. అన్నం సహించేది కాదు, ఆమె మీద బెంగ, అయినా కదల్లేదు. ఈలోగా ఎవరో పుణ్యాత్ములు పెళ్ళాం పోయిందని నేను గంతులు ప్రాక్టీసు చేస్తున్నట్టు కల్లూరు చేరవేశారు.

నాటకం రోజు తెర సందులోంచి చూస్తే ముందు వరసలో మా అత్తగారు, పక్కన తల వంచుకుని మా ఆవిడ! డ్రిల్లు మాస్టారు (నాటకంలో నా పెళ్ళాం ఆయనే, మీసం తియ్యనంటే ముసుగేశాం) కబురు మోసుకొచ్చాడు.

"సారూ, నువ్వు గంతులేస్తె ఇంక పిల్లను పంపదట మీ అత్త. ఏంజేస్తవ్?"

"ఏమెయ్యాలె మాస్టారూ, కాళ్ళే ఆడ్తలేవు."

గంతుల ఘట్టంలో గుంజలా నిలబడ్డాను. చివరి ఘట్టంలో ముందు నేను, వెనక ముసుగులో మాస్టారు. ఇది హాస్యమని జనానికి ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. ఫాదర్‌గారు రేకు మీద సుత్తితో బాది ఉరిమించారు. "సారూ, ఎనకకు జూడకు!" అని మైదానమంతా ఒక్కటే అరుపు. పక్కనుంచి ఫాదర్‌గారు బైబిలు తెలుగులో "వెనుకకు చూడుము! చూడుము!" అంటూ మళ్ళీ బాదారు. రిహార్సల్ అలవాటుగా నా మెడ సగం తిరిగింది. అంతే, ఎప్పుడూ నాతో తలుపు చాటునుంచి తప్ప మాట్లాడని మా అత్తగారు స్టేజీ ఎక్కి, నా గడ్డం రెండు చేతులా పట్టుకుని, "అల్లుడుగారూ, మీకు దణ్ణం పెడతాను, ముందుకే చూడండి" అన్నారు. తల్లిని కిందికి లాగడానికి మా ఆవిడా ఎక్కింది. జనంలోంచి మళ్ళీ అరుపు.

"గదిగో, సారు భార్య వచ్చింది! డ్రిల్లు సారూ, నువ్వు దిగు జల్దీ!"

మాస్టారు బతుకుజీవుడా అని ముసుగు తీసి దిగిపోయాడు. నా వెనక గాజుల చప్పుడైంది.

"ఫిడేలు?" అని మెల్లగా వినపడింది.

"రేపు ఇచ్చేస్తా."

"ఇప్పుడే."

ఫిడేలు అక్కడే పెట్టేసి నడిచాను. ఉరుములు ఆగలేదు. మైదానం దాటి, మా ఇంటి గడప దాకా, చప్పట్లు కొట్టే ఊరితో సహా, వెనక్కి చూడకుండా నడిచాను. ఆనందంతో నా మొహం ఎలా ఉందో ఆమె చూడకపోవడమే మంచిదైంది. పాతాళంలో దేవుళ్ళు కాళ్ళెగరేయకుండానే ఇళ్ళకు పోయారు. ఫాదర్‌గారు చివరికి "సార్, ఆ నాటకము వ్రాసినవాడు మీ అత్తగారిని ఎరుగడు" అని నిట్టూర్చారు.

ఇప్పుడు నా మోకాళ్ళు అరిగాయి. సాయంత్రం నడకలో ముందు ఆవిడ, వెనక నేను. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తుంది. షరతు మర్చిపోయావా అని వెక్కిరిస్తే, "అది మీకండీ, నాక్కాదు. వస్తున్నారో లేదో చూసుకోవద్దూ?" అని, నేను అందుకునేదాకా అక్కడే నిలబడుతుంది.