పిట్టలకని చల్లిన జొన్నలు

వికారాబాద్ దాటాక మాకున్న రెండెకరాల ఎర్రచెల్క నేలలో జొన్నలు చల్లింది పిట్టల మీద ప్రేమతోనని చాలామందికి చెప్పాను. అబద్ధం. మా అన్నయ్య మీద కోపంతో చల్లాను.

ఆ నేల నాన్న కొన్నది. బోరు ఎండిపోయాక కౌలుకు చేసేవాళ్లు కూడా వదిలేశారు. ఏళ్ల తరబడి తుమ్మ మొక్కలు తప్ప అందులో ఏమీ లేవు. హిమాయత్‌నగర్‌లో ఉండే అన్నయ్య దాన్ని ప్లాట్లు చేసేవాళ్లకు ఇచ్చేద్దామని కాగితాలు పట్టుకుని నాంపల్లిలో మా ఇంటికి వచ్చాడు. నన్ను అడగడానికి కాదు, సంతకం పెట్టించుకుని పోవడానికి.

"ఎందుకూ పనికిరాని బీడు. ఏం చేస్తావు దాన్ని?" అన్నాడు.

"పిట్టలకు పంట వేస్తాను," అన్నాను. నోట్లోంచి మాట వచ్చేదాకా నాకు ఆ ఆలోచనే లేదు.

పకపకా నవ్వాడు. ఆ నవ్వుతో నాకు మొండితనం వచ్చింది.

తొలకరి పడగానే బేగం బజార్‌లో జొన్నలు, సజ్జలు కొని, నాంపల్లి స్టేషన్‌లో పొద్దుటి రైలెక్కాను. వికారాబాద్‌లో దిగి ట్రాక్టరు మాట్లాడి పొలం దున్నించాను. అబిడ్స్‌లోని బడిలో జీవశాస్త్రం చెప్పడమే తప్ప, అంతకుముందు నా చేతులతో విత్తనం చల్లింది లేదు. గట్టు అవతల మొక్కజొన్న వేస్తున్న రైతు, నాన్న కాలం నుంచీ మమ్మల్ని ఎరిగినవాడు, వచ్చి నిలబడ్డాడు.

"ఏం ఏస్తున్నవ్ టీచరమ్మా?"

చెప్పాను.

"పిట్టలకా? అడివిపందులొస్తయ్, చూస్కో," అని వెళ్లిపోయాడు.

ఈయన కూడా నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను.

వానలు కలిసొచ్చాయి. జొన్న తల దాటి పెరిగింది. సెలవురోజుల్లో వెళ్తే నెమళ్లు కనిపించేవి, సజ్జ మొదళ్లలో పూరేడు పిట్టలు, ఒకసారి కుందేలు. ఫొటోలు తీసి అన్నయ్యకు పంపాను, ఒక్క మాట కూడా రాయకుండా. జవాబు రాలేదు. నెమళ్లను చూసినప్పటికంటే అప్పుడే ఎక్కువ సంతోషపడ్డాను.

కంకులు గట్టిపడే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆ రైతు మా బడి వెతుక్కుంటూ వచ్చాడు. మేము స్టాఫ్‌రూంలో అన్నాలు తింటున్నాం. భుజం మీది సంచిని బల్ల మీద బోర్లించాడు. సగం కొరికిన మొక్కజొన్న కంకులు, మట్టి, నా టిఫిన్ డబ్బా పక్కన.

"పగలంత నీ జొన్నల్ల పండుకుంటున్నయ్ పందులు. చీకటి వడంగనే నా మక్కల్ల వడ్తున్నయ్. పిట్టలకని చెప్పి పందులకు దావత్ ఇచ్చినవ్ గదా మేడం!"

"అడవిలో పందులుండవా? నా పొలంలోంచే వచ్చాయని సాక్ష్యమేమిటి?"

"సాక్ష్యమా! గీడ కూసుండి నాకు పాఠం జెప్తున్నవ్. పంట పోతే నీ జీతం ఆగదు. నాకు పంటనే జీతం. ఒక్కసారి గాడికొచ్చి చూడు జర."

తోటి టీచర్లంతా చూస్తున్నారు. సిగ్గుతో ఒళ్లు మండి వాచ్‌మన్‌ను పిలిచాను. రైతు ఆ కంకులన్నీ ఒక్కొక్కటే ఏరి మళ్లీ సంచిలో వేసుకున్నాడు. చాలాసేపు పట్టింది. నేను చెయ్యి కదపలేదు.

ఆదివారం వెళ్లాను, ఆయన మాట తప్పని తేల్చడానికే. నా జొన్న నడుమ మంచమంత మేర నేల అణిగిపోయి ఉంది. బురద, పందుల పెంట, ముక్కు పగిలే కంపు. అక్కడి నుంచి గిట్టల జాడ గట్టు దాటి నేరుగా ఆయన చేలోకి పోయింది. వరసలకు వరసలే విరిగి పడున్నాయి. మిగిలిన కంకులు ఏరుతున్న ఆయన భార్య నన్ను చూసి వీపు తిప్పుకుంది.

ఆయన దగ్గరికి వెళ్లి, "తప్పు నాదే. జొన్నా సజ్జా అంతా కోసి మీ బర్రెలకు వేసుకోండి," అన్నాను.

"నీ దయ గావాల్నా నాకు?" అన్నాడు. కానీ కొడవళ్లు తెచ్చాడు.

ముగ్గురం సాయంత్రం దాకా కోశాం. నాకు చేతకాక వేలు తెగింది. ఆయన ఒకసారి చూసి మళ్లీ కోతలో పడ్డాడు. బండికెత్తేటప్పుడు ఎటో చూస్తూ, "కొర్రలేస్కో. గవి మోకాలెత్తే ఉంటయ్, పంది దాగదు. మల్ల జొన్నేస్తే నేనే నిప్పు వెడ్త," అన్నాడు.

ఈ సంగతి అన్నయ్యకు ఎలా తెలిసిందో గానీ ఆ వారమే ఫోన్ చేశాడు. "ఇప్పుడైనా సంతకం పెడతావా?"

"పెట్టను," అన్నాను. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు.

ఈ ఏడు కొర్రలే చల్లాను. పూరేళ్లు వస్తున్నాయి, నెమళ్లు తగ్గాయి. గట్టు మీద ఎదురుపడితే రైతు మొహం తిప్పుకుంటాడు. నాలుగైదుసార్లు పలకరించి నేనూ మానేశాను. ఆయన మక్క మాత్రం ఈసారి చక్కగా ఎదిగింది.