కొత్త బండి ముందు కోడిపుంజు

ఈ రోజు దిబ్బూరహళ్ళిలో పట్టుగూళ్ళ వ్యాపారి నారాయణప్ప తన కొత్త ఎస్‌యూవీ పూజకు, ఊరూరా ప్రవచనాలు చెప్పే నన్ను పిలిచాడు. ఆరు ఎయిర్‌బ్యాగులు, చుట్టూ కెమెరాలు, ఏదైనా అడ్డమొస్తే అరిచే సెన్సర్లు, ఈ ధరకు ఇంత బండి ఇంకెక్కడా రాదన్నాడు. అంతసేపూ ఆయన చేతిలో కోడిపుంజు తలకిందులుగా కొట్టుకుంటూనే ఉంది.

చంకలోని గ్రంథం తెరిచి గర్జించాను. "అన్ని ప్రాణాల్లో దేవుడే ఉండాడు! కాపాడేవి ఇన్ని ఉండంగా దీన్నెందుకప్పా చంపేది?"

"అవి యాక్సిడెంటుకు స్వామీ, ఇది దిష్టికి!"

కోడి మెడ మీద కత్తి పడింది. నెత్తురు నా గ్రంథం మీద చిందింది. ఆయన బండెక్కి కదిలించగానే, తలలేని కోడి ఎగిరి చక్రం ముందు పడింది. సెన్సరు గీపెట్టింది. ఆయన ఆపకుండా తొక్కించాడు.

ఆ కోడి కోసం నాతోపాటు అరిచింది ఆ బండి ఒక్కటే. ఇక ప్రవచనం ఎవరికి చెప్పమంటారు?